బొంగరం మీద శంకు పరీక్ష

నమోదు 611

రెండు గంపల నల్లమట్టి బట్టీలో వేశాను, నీళ్లు బాగానే దిగాయి. గంధకం వాసన వస్తోంది, వడపోత గుడ్డ మార్చాలి.

మండలికి ఇక్కడివరకే. బొంగరం అనే ఈ గ్రహశకలం మీద మట్టి మరిగించి నీళ్లు తీసే బట్టీ నడిపే మనిషి రోజువారీ నమోదు రాసి సెరెస్‌లోని గ్రహశకల వలయ మండలికి పంపాలని నియమం. పెళ్లయి ఈ రాయి మీదికి వచ్చిన కొత్తలో నేను శ్రద్ధగా పేజీలకు పేజీలు రాసి పంపేదాన్ని. ఒకరోజు నీళ్ల సంగతికి బదులు గుత్తివంకాయ కూర ఎలా వండాలో రాసి పంపాను. "అందినది. సంతృప్తికరం" అని జవాబు వచ్చింది. అప్పట్నుంచి మొదటి రెండు ముక్కలు వాళ్లకి పంపి, మిగతాది నాకోసం బట్టీగదిలోనే ఉంచుకుంటున్నాను.

ఇవాళ ఆ మండలి నుంచే నోటీసు వచ్చింది. సెరెస్ చుట్టూ కక్ష్యలో కొత్త ఓడరేవు కడుతున్నారట. రేడియేషన్ లోపలికి రాకుండా దాని చుట్టూ మందంగా రాళ్లూ మట్టీ పేర్చాలట. సెరెస్ నేలే తవ్వుకోవచ్చు కదా అంటే, తవ్వితే తమ లోకం అందం చెడుతుందట. ముఖమంతా గుంటలే ఉన్న లోకానికి ఇంకో గుంట పడితే పోయే అందం ఏమిటో వాళ్లకే తెలియాలి. అందుకని దారిలో ఉన్న గ్రహశకలం ఒకటి లాక్కెళ్లి పిండి చేస్తారు. జాబితాలో మొదటి పేరు మాదే.

భోజనాల దగ్గర నోటీసు చదివి వినిపించాను. మా అత్తగారు సింహాద్రమ్మ ఈ రాయి మీదే పుట్టింది. ఆవిడ ముత్తాతలు భూమ్మీద భీమిలి దగ్గర వలలు అల్లేవాళ్లట. ఆ చేతి అలవాటు ఇక్కడికి వచ్చినా పోలేదు. మాట్లాడుతున్నంతసేపూ వేళ్లు ఏదో ఒక తాడు పేనుతూనే ఉంటాయి.

"తన బరువుతో తాను గుండ్రబడినది లోకం" అని చదివాను. "గుండ్రబడకపోయినా, మండలి శంకువు మేకులా దించి లాగితే ఊడకుండా నిలిచే నేల ఉన్నది ఊరు. ఈ రెండూ కానిది సరుకు."

"సరుకేటి? ఉప్పా, పప్పా?" అంది అత్తగారు. "మరి ఈడ అరవై గడపలోళ్లం ఉన్నాం. మనమేటి అందులో?"

"మనల్ని సెరెస్ హాస్టల్లో పెడతారట."

"ఓలమ్మ! నా తాళ్లు అక్కడ ఏటికి కడతాను?"

గుండ్రం అంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను సెరెస్‌లో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ గుండ్రం గురించి చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాను. ఆ సెరెస్‌ని గ్రహమని ఒకసారి, శకలమని ఒకసారి, మరుగుజ్జు గ్రహమని ఒకసారి భూమ్మీదివాళ్లు ఇష్టం వచ్చినట్టు పిలిచారు. ఆ అవమానం ఇప్పటికీ బళ్లో పాఠంగా చెప్పి పిల్లల చేత కన్నీళ్లు పెట్టిస్తారు. అంత బాధపడ్డవాళ్లు నేర్చుకున్నదేమిటంటే, తమకన్నా చిన్నవాటిని సరుకని పిలవడం. పోనీ ఆ నియమమైనా అందరికీ ఒకటేనా? ఒక చుట్టుకి నాలుగు గంటలైనా పట్టకుండా గిర్రున తిరిగి తిరిగి కోడిగుడ్డులా సాగిపోయిన హౌమియా అనే మరుగుజ్జు గ్రహం వాళ్ల లెక్కలో గుండ్రమే. ఎప్పుడో పెద్ద దెబ్బ తగిలి దక్షిణం వైపు సొట్టపోయిన వెస్టా శకలం మాత్రం కాదట. పాపం వెస్టావాళ్లు ఇంకా అప్పీళ్లు చేసుకుంటూనే ఉన్నారు.

మాది బొంగరం ఆకారం. పేరే అది. మాకు అప్పీలు కూడా లేదు.

నమోదు 613

వడపోత గుడ్డ మార్చాను, వాసన తగ్గింది. ఉత్తరం వైపు రాయి కొన్ని గులకరాళ్లు చిమ్మింది, బట్టీకి నష్టం లేదు.

మా రాయికి ఈ గులకరాళ్లు చిమ్మే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. ఎండ తగిలినవైపు రాయి పగిలి చిన్న ముక్కలు ఆకాశంలోకి లేస్తాయి. కొన్ని తిరిగి వస్తాయి, కొన్ని వెళ్లిపోతాయి. కొత్తలో నేను ప్రతిసారీ భయపడి బట్టీ కింద దూరేదాన్ని. ఇప్పుడు గిన్నెల మీద మూతలు పెడతాను.

శంకువు దించి పరీక్ష చెయ్యడానికి మండలి పంపే పరిశీలకుడి పేరు వచ్చింది. సర్వోత్తమరావు. మా అన్నయ్య.

పేరు చదివి మా ఆయన అప్పలసూరి సంబరపడ్డాడు. "బావే వొత్తన్నాడంటే మరి బెంగేటి? సొంత చెల్లి ఇల్లు కూలగొడతాడేటి?" అన్నాడు. ఆయనకి మా అన్నయ్య సంగతి తెలియదు. పెళ్లినాడు ఒక్కసారి చూశాడు. ఆ పెళ్లిలో ఎవరో పెద్దాయన సంబంధం ఎలాంటిదని అడిగితే, పీటల మీద మేమిద్దరం వింటుండగానే, "మనకన్నా తక్కువవాళ్లండీ" అని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాడు. తిట్టాలని కాదు. అడిగారు కాబట్టి తను నిజమనుకున్నది చెప్పాడు.

అబద్ధమాడకపోవడం అతనికి జబ్బు. మా అమ్మ చివరి రోజుల్లో అతని చెయ్యి పట్టుకుని, "నాకు తగ్గుతుంది కదరా?" అని అడిగింది. "లేదమ్మా" అన్నాడు. ఆ తర్వాత అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆ ఒక్క మాటకి నేను అతన్ని ఇప్పటికీ క్షమించలేదు. ఇలాంటి మనిషిని మండలి ఏరికోరి పరిశీలకుణ్ణి చేసిందంటే ఆశ్చర్యమేముంది!

నమోదు 614

మట్టి తక్కువ వేశాను. అతిథి వచ్చినందువల్ల నీటి వాడకం పెరిగింది.

మండలి పడవ అన్నయ్యని దించి మరో రాయికి వెళ్లిపోయింది. పరీక్ష అయ్యాక వచ్చి తీసుకెళుతుంది. దిగిన దగ్గర్నుంచీ అన్నయ్య ముఖం చిట్లించుకునే ఉన్నాడు. బొగ్గుకన్నా నల్లటి నేల, ఎటు చూసినా ఇంటంత రాళ్లు, చేతికి దొరికేంత దగ్గర్లో నేల అంచు. సెరెస్‌లో ఆకేటర్ గుంట దగ్గర మెరిసే తెల్లని ఉప్పునేల చూసి పెరిగిన కళ్లకి ఇది నచ్చదు. నాకూ మొదట నచ్చలేదు. కానీ నేను వచ్చినవెంటనే మొహం మీద చెప్పలేదు.

"ఇది చాలా మురికిగా ఉంది హైమా" అన్నాడు.

బయట ఎవరు ఎదురుపడినా ముందు వాళ్ల నడుం దగ్గరి కొక్కెం పట్టుకుని ఒకసారి లాగి చూడటం మా ఊరి మర్యాద. తాడు తగిలించే ఉందని తెలిశాకే పలకరింపు. పెద్దవాళ్లు చిన్నవాళ్లది లాగితే దీవెన కింద లెక్క. ఆ తాళ్లన్నీ వెళ్లి మొలతాడుకి తగులుకుంటాయి. మొలతాడంటే రాయి నడుం చుట్టూ ఉబ్బిన గట్టు పొడుగునా తిప్పి బిగించిన లావుపాటి తాడు. ఈ రాయిలో మేకు దించితే నిలవదు. ఇది ఒక్క బండ కాదు, ఏనాడో పగిలిన రాళ్లన్నీ ఒకదానికొకటి మెత్తగా ఆనుకుని ఉన్న కుప్ప. లోపల సగానికి సగం ఖాళీయే. అందుకే ఊరంతా మొలతాడు మీదే బతుకుతోంది. నేల మీద మనిషి బరువు చిటికెడు ఉప్పంత ఉంటుంది. కాస్త గట్టిగా తుమ్మినవాళ్లు కూడా తాడు లేకపోతే తిరిగి రారు.

అత్తగారు ఎదురెళ్లి ఆప్యాయంగా అన్నయ్య నడుం దగ్గర చెయ్యి వేసింది. అన్నయ్య ఆ చెయ్యి తోసేశాడు.

"ఏమండీ, ఇదేం పని?"

"తాడు సూత్తన్నాను బాబూ. కొత్తోడివి కదా."

"నేను సెరెస్‌లో యాభై ఏళ్లుగా ఏ తాడూ లేకుండా నడుస్తున్నాను."

సెరెస్ మీద మా అన్నయ్య బరువు రెండు కిలోలు. ఆ రెండు కిలోల మీద అంత అహంకారం. అక్కడి అధికారులకి ఇంకో దర్జా ఉంది. కోపం వస్తే కాలు నేలకేసి కొడతారు. ఆ ఊపుకి మనిషెత్తు పైకి లేచి, నెమ్మదిగా దిగుతూ, ఎదుటివాణ్ణి పైనుంచి చూస్తూ తిడతారు. ఎంత ఎత్తు లేస్తే అంత పెద్ద అధికారి. మా బడి హెడ్మాస్టరు లేచినప్పుడల్లా తల కప్పుకి కొట్టుకునేది.

రాత్రి భోజనంలో పులుసు సంచి నోట్లో పెట్టుకుని పీల్చడం అన్నయ్యకి చేతకాలేదు. చొక్కా నిండా పులుసు బుడగలు తేలాయి. మా ఆయన ఒక్కొక్కటే చెంచాతో పట్టి ఇచ్చాడు. అన్నయ్య థాంక్స్ అన్నాడు. ఆ మాత్రం నేర్పారు సెరెస్‌లో.

నమోదు 615

బట్టీ మామూలుగా నడిచింది. పరిశీలకుడు కొలతలు తీసుకున్నారు.

కొలవడానికి ఏముంది? చూస్తే తెలియదా? ఎప్పట్నుంచో తిరుగుతూ ఉంటే మట్టీ రాళ్లూ జారి జారి నడుం దగ్గర గట్టు కట్టాయి. పైనా కిందా మొన తేలింది. ఇది బొంగరమని చెప్పడానికి మూడు పరికరాలు, వాటికి మూడు పెట్టెలు! వాటిని మోయడానికి మా ఆయన. కొలవడం అయ్యాక అన్నయ్య గంభీరంగా, "గుండ్రం కాదు" అన్నాడు.

మా ఆశంతా ఇక శంకువు మీదే. కానీ ఊరికే దించితే అది నిలవదని మాకు తెలుసు. మా ఆయన పొద్దున్నే నా చెవిలో చెప్పాడు, "ఐమా, మేకు దించేకాడ అడుగునించి మొలతాడుకి ముడేసీసినామనుకో, ఏనుగు లాగినా రాదు. బావ కాసేపు అటేపు సూత్తే సాలు."

నేను అడగనన్నాను. తర్వాత గట్టు కింద మా ఇంటి వల గోడలు, అత్తగారు అల్లిన ఉయ్యాల, ఇన్నాళ్లూ నేను నల్లమట్టిలోంచి నీళ్లు పిండిన ఈ బట్టీ, అన్నీ పిండయి ఏదో ఓడరేవు గోడలో చేరడం ఊహించుకున్నాను. ఏడుపు వచ్చింది. వెళ్లి అడిగాను.

అన్నయ్య పెట్టెలు సర్దుకుంటున్నాడు.

"శంకువు కింద తాడు కట్టనివ్వు అన్నయ్యా. నువ్వు చూడనట్టు ఊరుకుంటే చాలు."

"చూడనట్టు ఊరుకోవడం కూడా అబద్ధమే."

"మండలి నియమం మాత్రం నిజమా? హౌమియా గుండ్రమా?"

"అది నేను పరిశీలించలేదు. పరిశీలిస్తే ఉన్నది చెబుతాను."

"ఇది నా ఇల్లు."

"ఇల్లు నీదే. అది ఉన్నది రాళ్ల కుప్ప మీద." అలా అని, గొంతు కొంచెం తగ్గించాడు. "మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది హైమా. కిటికీలోంచి అహునా కొండ కనిపిస్తుంది. నువ్వూ బావగారూ వచ్చి ఉండండి."

"మా అత్తగారు?"

"హాస్టల్లో పెద్దవాళ్లకి వేరే వసతి ఉంది."

ఇంకో మాట మాట్లాడితే కొట్టేదాన్ని. ఇక్కడ కొడితే ఇద్దరం చెరోవైపు కొట్టుకుపోతాం కాబట్టి ఊరుకున్నాను.

నమోదు 616

బట్టీ ఆపాను. శంకు పరీక్ష జరిగింది.

ఊరంతా గట్టు మీదికి వచ్చింది. సూర్యుడు నెత్తిమీద ఉన్న సమయం చూసి పెట్టుకున్నారు. మాకు పగలు రెండు గంటలే, పొద్దూ రాత్రీ గడియారం చూసి లెక్కపెట్టుకుంటాం. వరసగా మొలతాడుకి తగులుకుని నిలబడ్డాం. హెల్మెట్లలో అందరి రేడియోలూ తెరిచే ఉన్నాయి.

శంకువు చూడటానికి మాత్రం బాగుంది. మండలి ముద్ర, వెండి పూత, మనిషి నడుం ఎత్తు. అన్నయ్య దాన్ని నేల మీద నిలబెట్టి సుత్తి ఎత్తేలోపే అది సగం దిగిపోయింది.

"పిండిలో గరిటె దిగినట్టు దిగింది" అంది అత్తగారు. ఎవరో కిసుక్కుమన్నారు.

అన్నయ్య తన సంచిలోంచి వెండిరంగు తాడు తీసి ఒక కొస నడుముకీ, రెండో కొస శంకువుకీ కట్టుకున్నాడు. తర్వాత, మేం ఎలాగో ఒప్పించి అతని నడుముకి కట్టి మొలతాడుకి తగిలించిన మా తాడు విప్పేశాడు.

"అది ఇప్పకు బావా!" అని మా ఆయన అరిచాడు.

"పరీక్ష సమయంలో పరిశీలకుడు శంకువుకు తప్ప మరి దేనికీ కట్టుబడి ఉండరాదు. ఇది నియమం."

ఆ నియమం సెరెస్‌లో కూర్చుని రాసినవాడి కాళ్ల కింద సెరెస్ ఉంది. ఉప్పూ మంచూ కలిసి గట్టిపడిన నేల. మేకు ఊడినా వెల్లకిలా పడి లేచి దుమ్ము దులుపుకుంటాడు. వాడికి ఇంకో రకం నేల ఉంటుందని తోచలేదు. అన్నయ్యకీ తోచలేదు. ఇన్ని పరికరాలతో కొలిచి కూడా తోచలేదు.

"బాబూ, నా మాట ఇను" అంది అత్తగారు. "అది మేకు కాదు, బొమ్మ. ముందు తాడేసుకో, తర్వాత నీ సదువులు సదువుకో."

"నిశ్శబ్దంగా ఉండండి!"

"ఓరి నాయినా, నాను నీ మంచికే సెప్తన్నాను. సిన్నపిల్లోడిలాగ మంకుపట్టు పట్టకు."

ఎవరో పకపకా నవ్వారు. అన్నయ్య ముఖం గాజు వెనక ఎర్రబడింది. అతనిలోని సెరెస్ అధికారి నిద్రలేచాడు. కాలెత్తి నేలకేసి బలంగా కొట్టాడు.

లేచాడు. మనిషెత్తు లేచాడు. వేలు చూపిస్తూ, "మండలి ప్రతినిధితో మాట్లాడే పద్ధతేనా ఇది?" అని మొదలుపెట్టాడు. ఇక దిగాలి. దిగలేదు. ఇద్దరు మనుషుల ఎత్తు, ముగ్గురు మనుషుల ఎత్తు లేస్తూనే ఉన్నాడు. వెండి తాడు బిగిసింది, శంకువు ఏమాత్రం మొరాయించకుండా ఊడి వచ్చి అతని వెనకే బయల్దేరింది. అతను ఇంకా తిడుతూనే ఉన్నాడు.

ఊరంతా నవ్వింది. నేనే ఎక్కువ నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను.

తిట్లు మధ్యలో ఆగిపోయాయి. కింద నేల దూరమవుతోందని అప్పటికి గమనించినట్టున్నాడు. అతని సూటు నడకకోసం కుట్టినది, వెనక్కి తోసే గ్యాసు లేదు. పడవ ఎక్కడో మరో రాయి దగ్గరుంది. గ్యాసు ఊదితే గులకరాళ్లు లేచి ఇళ్ల మీద పడతాయని మా ఊళ్లో ఎవరమూ అలాంటివి ఉంచుకోం.

"హైమా?" అన్నాడు. చాలా చిన్న గొంతుతో అన్నాడు.

నవ్వులు ఆగిపోయాయి. అప్పుడు మా పక్కింటి పోలినాయుడు ఆ మాట అన్నాడు. చెడ్డవాడు కాదు, ఇద్దరు మనవలున్నవాడు.

"సెప్తే తప్పుగానీ... ఆయన మాట సెరెస్‌కి సేరకపోతే ఆ నోటీసు సెల్లదు. ఇంకొకడు రావాలంటే ఏళ్లు పడతాది. మనం తొయ్యలేదు, ఆయనే ఎల్లిపోనాడు."

మా ఆయన నావైపు చూశాడు. ఎగిరిపోతున్నవాడు నా అన్న కాబట్టి నేను చెప్పాలని అందరూ ఎదురుచూస్తున్నారు. నేను చెప్పలేదు. మా అమ్మకి అతను చెప్పిన "లేదమ్మా" గుర్తొచ్చింది, నా ఇల్లు గుర్తొచ్చింది. పోనీ అనిపించింది. ఎంతసేపు అనిపించిందో తెలియదు, కానీ అనిపించింది.

అత్తగారు తన నడుం కొక్కెం విప్పింది. నేల మీద బోర్లా పడుకుని ఒక చేత్తో మొలతాడు పట్టుకుని, రెండో చేత్తో తన తాడు కొస మా ఆయనకి అందించింది.

"ఏటి సూత్తన్నావురా సూరీ? ఇంటికొచ్చినోణ్ణి ఒగ్గీసి ఏ మొకమెట్టుకు కూడు తింటాం రేపు? ఎగురు!"

తర్వాత పోలినాయుడే తన తాడు విప్పాడు. ఆయన వెనక అందరూ విప్పారు. తాళ్లన్నీ ఒకదానికొకటి తగిలిస్తూ, తాళ్లిచ్చినవాళ్లందరూ మొలతాడుని చేతుల్తో కరుచుకుని పడుకున్నారు. మా ఆయన నడుముకి ఆ పెద్ద తాడు కట్టుకుని, బండ మీద రెండు కాళ్లూ ఆనించి ఒక్క దూకు దూకాడు. అన్నయ్య కాలు కొట్టిన ఊపుకన్నా ఆయన దూకిన వేగం చాలా ఎక్కువ. ఇద్దరి మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. అత్తగారి వేళ్ల మధ్యనుంచి తాడు జారుతోంది. జారి జారి కొసకి వచ్చింది.

"సాల్లేదు" అంది అత్తగారు. "ఇంకొకటి కావాల. ఎవులిది ఉంది?"

అందరూ ఇచ్చేశారు. నాది నా నడుముకే ఉంది.

"ఐమా" అందావిడ. తిట్టలేదు. అలా పిలిచింది, అంతే. సిగ్గేసింది. విప్పి ఇచ్చాను. ఆవిడ ముడివేసింది. పడుకుని మొలతాడు పట్టుకున్నాను, హెల్మెట్ నల్లమట్టిలోకి పెట్టేశాను. పైకి చూసే ధైర్యం లేకపోయింది. రేడియోలో మా ఆయన ఆయాసం వినపడింది.

"దొరికినావు బావా! ముందు ఆ మేకు ఒగ్గీయి, నా మెడ పట్టుకో."

"ఇది మండలి ఆస్తి" అన్నాడు అన్నయ్య.

ఆ మాట విని నేను మట్టిలోనే ఏడుస్తూ నవ్వాను. గబగబా లాగితే వచ్చి బండలకి కొట్టుకుంటారని అత్తగారు ఇద్దరినీ గాలిపటం దింపినట్టు నెమ్మదిగా దించింది. అప్పటికి సూర్యుడు గట్టు వెనక్కి వెళ్లిపోయాడు.

నమోదు 617

బట్టీ తిరిగి వెలిగించాను. చెప్పుకోదగ్గ విశేషాలు లేవు.

అన్నయ్య ఉదయమంతా బట్టీగదిలోనే కూర్చున్నాడు. అల్లం టీ సంచి ఇచ్చాను, తాగాడు. శంకువు ఒళ్లో పెట్టుకునే ఉన్నాడు. దాని మొన నిండా మా నల్లమట్టి అంటుకుని ఉంది, తుడవలేదు.

పోలినాయుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"బాబూ, నిన్ను ఒగ్గీమన్నది నానే. ఎవులో సెప్పి నీకు తెలిసేకన్నా నానే సెప్పడం మంచిది."

"నాకు తెలుసు" అన్నాడు అన్నయ్య. "రేడియో తెరిచే ఉంది. అన్నీ వినపడ్డాయి."

పోలినాయుడు తలవంచుకుని వెళ్లిపోయాడు. అన్నీ వినపడ్డాయంటే, నేను ఏమీ మాట్లాడకపోవడం కూడా వినపడిందన్నమాట. నేను బట్టీవైపు తిరిగి మట్టి కలుపుతూ నిలబడ్డాను. చాలాసేపు కలిపాను. అవసరం లేనంత కలిపాను.

సెరెస్‌తో మాట్లాడే రేడియో బట్టీగదిలోనే ఉంది. మధ్యాహ్నం అన్నయ్య లేచి, చొక్కా సర్దుకుని, దాని ముందు నిలబడ్డాడు. నేను బయటికి పోబోతే, "ఉండు" అన్నాడు. పెళ్లిపీటల దగ్గర విన్న గొంతే అది. నెమ్మదిగా, స్పష్టంగా ఉంది.

"పరిశీలకుడు సర్వోత్తమరావు. గ్రహశకలం బొంగరం. ఆకారం గుండ్రం కాదు. లోకం హోదాకు అర్హత లేదు."

అనుకున్నదే. నా చేతిలోని గంప బరువు నాకు తెలియలేదు. ఇక్కడ దేనికీ బరువుండదు, అయినా ఎత్తలేకపోయాను.

"నేల." ఇక్కడ ఆగాడు. "శంకువు దించాను. నిలిచింది."

నేను తిరిగి చూశాను. అతను రేడియోనే చూస్తున్నాడు.

మాట సెరెస్ చేరి, జవాబు రావడానికి ఒక వాయి మట్టి మరిగేంతసేపు పడుతుంది. ఆ సేపంతా బట్టీలోంచి నీళ్లు సంచిలోకి దిగుతున్న చప్పుడు మాత్రం వినపడింది. తర్వాత సెరెస్ గుమస్తా గొంతు వచ్చింది.

"అందినది. పరిశీలకులు శంకువుకు మాత్రమే కట్టుబడి ఉండి, స్వయంగా లాగి చూశారా? కదలలేదని ధ్రువీకరించగలరా?"

అన్నయ్య ఒళ్లోంచి తీసి పక్కన పెట్టిన శంకువు గాలిలో కాస్త తేలింది. దాన్ని చేత్తో పట్టి ఆపాడు.

"స్వయంగా లాగి చూశాను. కదలలేదు. బొంగరం ఊరు. ధ్రువీకరిస్తున్నాను."

మీట నొక్కి రేడియో ఆపేశాడు. "బావగారిని పిలు. దీన్ని ఎక్కడో గట్టిగా కట్టమను. రేపు ఎవరైనా వచ్చి చూస్తే నిలబడి ఉండాలి" అన్నాడు. మా ఆయన వచ్చి, ఏమీ అడక్కుండా, శంకువు తీసుకెళ్లి మొలతాడుకి ఏడు ముళ్లు వేసి కట్టాడు.

సాయంత్రం పడవ వచ్చింది, అన్నయ్య వెళ్లిపోయాడు. ఊళ్లో ఇప్పుడు దీని మీదే చర్చ. మండలి శంకువుతో సహా ఎగిరిపోయి, రాళ్లవాళ్ల తాడు పట్టుకుని దిగాడని సెరెస్‌లో తెలిస్తే తలెత్తుకోలేడు, ఆ సిగ్గుతోనే నిలిచిందని చెప్పాడని పోలినాయుడు అంటున్నాడు. మా ఆయన కూడా దాదాపు అదే అంటున్నాడు. అత్తగారు ఒప్పుకోవడం లేదు. "సిగ్గుతో అయితే చెల్లెల్ని ఉండమని పక్కన నిలబెట్టుకుంటాడేటి?" అంటోంది.

నాకు పోలినాయుడి మాటే నమ్మాలని ఉంది. ఇన్నేళ్లుగా అన్నయ్యని చిన్నచూపు చూసే హక్కు నాకొకటి ఉండేది, అది పోగొట్టుకోవడం ఇష్టంలేదు. పడవ ఎక్కేముందు అతను నా ఎదురుగా నిలబడి, నేనేదైనా అడుగుతానేమోనని కాసేపు ఆగాడు. ఎందుకు అలా చెప్పావని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అడిగితే మా అన్నయ్య నిజం చెప్పేస్తాడు.